ఒంగోలు క్లౌ దొరగారి చరిత్రము

శాస్త్రములందు స్థూణానిఖనన న్యాయమని యొకటి కలదు. స్థూణ యనగా గుంజ. పందిరి వేయువాడు గుంజను గోతిలో నిలిపి యంతటితో విడువడు. నలుదిక్కులకు నూపును, సందు కనబడినచోట మట్టి పోసి మొత్తును, మరల నూపును. ఊపిన కొలది గుంజ పాతుకొనును. కదలునేమోయని వెఱచి చేయి వేయక విడిచిన గుంజ తొలిగాలికే యొరగును. పూర్వపక్షమును బలముగా నిలిపి పిమ్మట సిద్ధాంతమును చెప్పుట మన శాస్త్రకారుల పద్ధతి యగుటకు నిదియే కారణము.

చదువరులారా! ఈ న్యాయమునకు నిదర్శనముగా నొక పరదేశీయుని జీవితమును మన మహాసభ సంచికయందు ప్రకటించుట కొందఱకు వింతగా దోచవచ్చును. జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు మన కులమున బుట్టినవారు కారు. మన దేశమున బుట్టినవారును కారు. అయినను ఒంగోలు మొదలు కనిగిరి, మార్కాపురము, కంభము, గిద్దలూరు వఱకుగల సీమలో వారి పేరెత్తక మాదిగ కులచరిత్రము వ్రాయుట పొసగదు. మన పూర్వుల పేరెత్తక వారి చరిత్రము వ్రాయుట యంతకన్నను పొసగదు. వారు మనకు బోధింప వచ్చిరని యందఱును వ్రాసిరి. వారి విశ్వాసమను గుంజను ఊపి లోతునకు దింపినవారెవరో విచారించినవారు తక్కువ. ఆ విచారమే యిచ్చట ప్రధానము.

క్లౌగారు 1836వ సంవత్సరము జూలై 16వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున, ఫ్రూస్‌బర్గు గ్రామసమీపమున జన్మించిరి. తలిదండ్రులు క్రొత్త భూములను వెదకికొనుచు పడమటనున్న అయోవా రాష్ట్రమునకు వలసపోయిరి. యౌవనారంభముననే క్లౌగారు ప్రభుత్వపు భూమికొలత పనిలో జేరి మిన్నెసోటా ప్రాంతమున కొలతగొలుసుతో దిరిగిరి. ఆ పని వారికి దేహదార్ఢ్యమును, పదిమందిచేత పని చేయించు నేర్పును ఇచ్చినది. ఈ కొలతపని మన కథలోనికి మరల వచ్చును గనుక చదువరులు దీనిని జ్ఞప్తియందుంచుకొనవలెను. చదివి న్యాయవాది కావలెనని వారి సంకల్పము. మతవిషయమున వారికి ఆసక్తి లేకుండెను.

విద్యకై వారు బర్లింగ్టను పట్టణమున బాప్తిస్టు సంఘమువారి విద్యాలయమున జేరిరి. అచ్చట వారి గదిలో వసించిన సహాధ్యాయి మిక్కిలి భక్తుడు. రాత్రి పరుండుటకు ముందు వేదగ్రంథము చదువుటయు, మోకరించి ప్రార్థించుటయు నాతని నియమము. ఇది క్లౌగారికి గిట్టలేదు. గదికి నడుమ సుద్దతో గీత గీచి, భక్తి యేదైన నున్నచో గీత కావలనే జరుపుకొనుమని యాతనికి కట్టడచేసిరి. సహాధ్యాయి తగవులాడలేదు, నియమమును మానుటయు లేదు. గీత కావల మౌనముగా సాగిన యా నిత్యానుష్ఠానమే క్లౌగారిని నిలువనీయక పోయెను. వాదించువానికి బదులు చెప్పవచ్చును. వాదింపక చేయుచున్నవానికి బదులు చెప్పుట యెట్లు? తుదకొకరాత్రి క్లౌగారు తాము గీచిన గీతను తామే దాటి యాతని ప్రక్కను మోకరించిరి. 1858లో ఆ పట్టణముననే వారు బాప్తిస్మము పొందిరి. గుంజను నాటిన తొలిదినమిది.

ఇంక తెలుగుదేశపు మాట. అమెరికా బాప్తిస్టువారు తెలుగువారికొఱకు 1835లో డే దొరగారిని పంపిరి. 1840లో నెల్లూరు వారికి స్థానమయ్యెను. ఏండ్లు గడచినను చేరినవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమందియే. ఈ నిష్ఫలమైన పనిని మానివేయుదమాయను ప్రశ్న అమెరికాలోని మిషను పెద్దలలో ఒకమాఱు గాదు, మూడుమాఱులు పుట్టినది. 1853లో నట్టి చర్చ జరిగినప్పుడు, దేశపటముపై నెల్లూరు ఒంటిచుక్కవలె నున్నదని యొకరనిన మాటను బట్టి స్మిత్తు అను కవి యా ఒంటి నక్షత్రముపై పద్యము రచింపగా సభవారి మనస్సు మాఱెనని ప్రతీతి. ఆ పేరే యీ మిషనుకు నిలిచిపోయినది. 1849లో వచ్చిన లైమన్ జూయెట్ దొరగారు 1854 జనవరి 1వ తేదీ తెల్లవాఱుజామున భార్యతోను, ముగ్గురు దేశీయ క్రైస్తవులతోను ఒంగోలు కొండ యెక్కి, ఈ సీమకు బోధకుని నిమ్మని ప్రార్థించిరి. ఒంగోలువారు దానిని ప్రార్థనకొండ యందురు.

1862లో మూడవమాఱు మిషను మూసివేయుమాట వచ్చినది. జూయెట్‌గారు జబ్బుతో స్వదేశమునకు బోయియుండిరి. పెద్దలు పంపకపోయినచో తాను ఒంటరిగానైనను పోయి తెలుగువారి నడుమనే చచ్చెదనని వారు పట్టుబట్టిరి. అట్లయిన నీ ముసలివానిని పూడ్చుటకైనను ఒక చిన్నవానిని వెంట బంపవలసివచ్చునని కార్యదర్శి పరిహాసముగా నొప్పుకొనెనట. ఆ పూడ్చుటకు దొరికిన చిన్నవాడే క్లౌగారు. భార్య హారియట్ గారితో గూడ 1864 నవంబరులో బోస్టను రేవున ఓడ యెక్కి, 1865లో నెల్లూరు చేరిరి. ఫలింపని పనికి, ముగియబోవు పనికి వచ్చితిమను నెఱుకతోనే వారు వచ్చిరి.

1866 సెప్టెంబరులో క్లౌ దంపతులు ఒంగోలున కాపురమునకు దిగిరి. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమందితో అచ్చట సంఘము స్థాపింపబడెను. పట్టణమందలి బ్రాహ్మణులును, ఇతర అగ్రవర్ణములవారును దొరతో మైత్రిగా నుండి తమ పిల్లలను బడికి బంపిరి. వారు వత్తురు, వారి వెనుక గ్రామములన్నియు వచ్చునని యా కాలపు మిషనరీలు పెక్కుమంది తలంచెడివారు. ఇంతలో పడమటి సీమనుండి మాదిగలు బాప్తిస్మము గోరి రాసాగిరి. అంతట బ్రాహ్మణ పెద్దలు క్లౌగారియొద్దకు వచ్చి తమ మాటను దాపరికము లేక చెప్పిరి: మాదిగలను జేర్చుకొన్నచో తాము రారు, తమ పిల్లలును బడికి రారు, రెండింటిలో నేది కావలెనో దొరయే తేల్చుకొనవలెను.

సంస్కృత పాఠశాలలో పెరిగిన యీ వ్యాసకర్త యా పెద్దలను నిందింపబోడు. ఆనాటి ధర్మము వారిచేత నట్లు పలికించినది. పైగా వారి ప్రశ్న గట్టి పూర్వపక్షము. దేవుడొక్కడే, మనుష్యులందఱు సమానులే యని బోధించు దొర యా మాటను నమ్ముచున్నాడా, లేక పదిమంది గొప్పవారు దొరకువఱకు దాచియుంచునా? పరదేశమందు పీఠము మీద నిలిచి చెప్పుట సులభము. ఒంగోలులో నా మాటకు వెల యింతయని యెదుట బెట్టినవారు వీరు.

క్లౌగారికి దారి తోచలేదు. తమ గదిలోనికి బోయి క్రొత్తనిబంధనను చేతబట్టగా, అది పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో మొదటి యధ్యాయమున దెఱచుకొన్నది. పిలువబడినవారిలో జ్ఞానులు, ఘనులు, గొప్పవంశమువారు అనేకులు లేరనియు, లోకము నీచముగా నెంచినవారినే దేవుడేర్పఱచుకొనుననియు నచ్చటి భావము. అదే సమయమున వేఱొక గదిలో భార్యయు నీ విషయమే చింతించుచు గ్రంథము దెఱవగా నామెకును ఆ భాగమే కనబడెను. ఒకరి మాట నొకరు విని యిరువురు విస్మయమందిరి. దీనిని దైవాజ్ఞ యనువారు కలరు, కాకతాళీయ మనువారును కలరు. ఆ వివాద మిచ్చట మనకు పనిలేదు. ఆ వాక్యములు వారప్పుడు క్రొత్తగా జదివినవి కావు. పలుమాఱులు చదివినవానినే, బదులు చెప్పక తీఱని ప్రశ్న యెదుట నిలిచినప్పుడు మొదటిసారి వినిరి. మాదిగలను చేర్చుకొనిరి. బడి ఖాళీ అయ్యెను.

ఇప్పుడు మన పెద్దలలో నగ్రగణ్యుడైన యెఱ్ఱగుంట్ల పేరయ్యగారి ప్రసంగము చేయవలెను. ఇంగ్లీషు గ్రంథములు వీరిని ఉత్త పేరయ్య యనియే వ్రాసినవి. దొరకు గౌరవవాచకము పెట్టి గురువునకు బెట్టకుండుట మనకు తగదు గనుక యీ సంచికలో గారు అనియే వ్రాయుచున్నాను. పేరయ్యగారిది ఒంగోలునకు పడమట సుమారు 40 మైళ్ళ దూరముననున్న తాళ్ళకొండపాడు. కనిగిరి సీమ. తోలు వర్తకము వారి వృత్తి. రాజయోగ సంప్రదాయమున నొక యోగినియొద్ద నుపదేశము పొంది, తామును గురువై శిష్యులను గూర్చుకొన్నవారు. మన పాలెములలో జ్ఞానాన్వేషణ దొరలు వచ్చిన పిమ్మట పుట్టినది గాదు. పోతులూరి వీరబ్రహ్మముగారి శిష్యులలో మాదిగ కక్కయ్యగారిని లెక్కించు సీమ యిది. అక్షరము నిషేధింపబడినచోట తత్త్వము చెవినుండి చెవికి బ్రాకినది.

తోలు బేరమునకై ఉత్తరమునకు, ఏలూరు వైపునకు బోయినప్పుడు పేరయ్యగారు క్రీస్తుమాట వినిరి. తమ సీమకు సమీపముననున్న మిషనరీని జూడుమని చెప్పగా వచ్చి, 1866లో జూయెట్‌గారిచేత భార్యతోగూడ బాప్తిస్మము పొందిరి. ఎవరును పిలువకయే, ఎవరును జీతమీయకయే తమ గ్రామమునకు బోయి బంధువులకు బోధింప మొదలుపెట్టిరి. క్లౌ దొరగారు ఒంగోలున దిగునప్పటికే పడమట నేల దున్నబడి యున్నది. దున్నినవారు పేరయ్యగారు.

1867 జనవరిలో దొరగారు తాళ్ళకొండపాటికి బోయి ఊరిబయట చింతతోపులో దిగిరి. చుట్టుప్రక్కల గ్రామములనుండి ముప్పది నలువదిమంది స్త్రీపురుషులు అన్నపుమూటలతో వచ్చి యచ్చటనే మకాము చేసిరి. ఐదుదినములు బోధయు, ప్రార్థనయు, ప్రశ్నోత్తరములును జరిగినవి. తుదకు ఇరువదియెనిమిదిమంది బాప్తిస్మము పొందిరి. అమెరికానుండి తెచ్చిన దైవశాస్త్రముతో వచ్చిన యువకుడు, చెప్పులు కుట్టు జనులయందు తనకన్న ముందే దేవుని వెదకుచు ఉపవాసములు, ధ్యానములు సలిపినవారిని జూచెను. క్రీస్తు పేరు వినని దేశమున చీకటి తప్ప వేఱొండు లేదని నేర్చివచ్చినవారికి పేరయ్యగారే యొక ప్రశ్నయైరి. ఈ మనుష్యునియందు క్రీస్తుమాటకు ముందు పనిచేసినదెవరు? దొరగారు విశ్వాసమును విడువలేదు. దానిని పెద్దదిగా చేసికొనిరి. అలసినవారిని, భారము మోయువారిని తనయొద్దకు రమ్మను క్రీస్తు పిలుపే వారి బోధకు నాటినుండి ముఖ్యవిషయమయ్యెను. మన పాలెములకు వేఱు ప్రసంగము కావలసియుండెనా? భారము మోయుటయన నేమో మనకు నెవరును వివరింపనక్కఱలేదు.

సంఘమున జేరువారికి మూడు నియమములు విధింపబడెను. ఆదివారము పని చేయరాదు. చచ్చిన పశువు మాంసము తినరాదు. విగ్రహములను పూజింపరాదు. వినుటకు నివి చిన్నవి. గ్రామవ్యవస్థ నెఱిగినవారికి మాత్రమిది యెంత కల్లోలమో తెలియును. మోటబావులకు తోలుబొక్కెనలు కుట్టువాడు మాదిగ. ఎద్దులకు వారలు, రైతులకు చెప్పులు చేయువాడు మాదిగ. కోతకు, కళ్ళమునకు పిలిచినప్పుడు రావలసినవాడు మాదిగ. అమ్మవారి జాతరలో డప్పు కొట్టవలసినవాడు మాదిగ. కళ్ళమున దొరకు మేరయే వీటన్నిటికిని కూలి. డప్పు మ్రోగనిచో జాతర నడువదు. కోతకాలమున ఆదివారము రానన్నచో రైతు చేను నిలిచిపోవును. కాబట్టి నియమములు మతనియమములుగా మొదలై, గ్రామమును అడుగునుండి కదల్చినవి. రెడ్లు, కరణములు ఊరకుందురా? మేరలు నిలిపిరి. పనులు మానిపించిరి. దొంగతనములు మోపి కచ్చేరుల చుట్టు త్రిప్పిరి. దెబ్బలు తిన్నవారు, చెఱసాలకు బోయినవారు కలరు.

ఆ బాధితులు ఒంగోలు బంగళాకు వచ్చి దొర యెదుట నిలుచుండెడివారు. క్లౌగారి జీవితమునందలి పరీక్షలన్నింటిలో నిది కఠినమైనదని యీ వ్యాసకర్త యభిప్రాయము. సహాధ్యాయి మౌనమును, బ్రాహ్మణుల షరతును తమ మీద పడిన ప్రశ్నలే. వెల చెల్లించువారును తామే. ఇచ్చట దొర బోధించిన మాటకు వెల చెల్లించుచున్నది తాళ్ళకొండపాటి కూలివాడు. తిండి పోయినది వానికి. దెబ్బలు పడినవి వానికి. నీవు చెప్పిన దేవుడు నన్నీ స్థితిలో నేల విడిచెనని యాతడడుగవచ్చును. పెక్కుమంది యడుగలేదు. మేమేమి తప్పుచేసితిమని గాక, ఇప్పుడేమి చేయవలెనని యడిగిరి. ఇట్టివారి యెదుట బోధకుడు తాను చెప్పిన మాటను చులకనగా నమ్మజాలడు. దొరగారు కలెక్టరు కచ్చేరికి అర్జీలు పెట్టిరి, స్వయముగా బోయి వాదించిరి, గ్రామములకు గుఱ్ఱముపై తిరిగిరి. న్యాయవాది కావలెనన్న చిన్ననాటి కోరిక యీ రూపమున దీఱినదని చమత్కరింపవచ్చును.

ఈ కష్టముల నడుమ సంఘము తఱుగలేదు. 1872లో రామాయపట్టణమున బోధకులకొఱకు వేదాంత పాఠశాల తెఱువబడెను. అదే కాలమున అమెరికాకు బోయిన దొరగారు దానికి మూలధనమును సమకూర్చుకొని 1874లో మరల వచ్చిరి. వచ్చిన రెండేండ్లకే 1876లో వానలు పోయినవి.

ధాత కఱవు పేరు వినని యిల్లు మన సీమలో లేదు. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమంతయు మాడిపోయినది. తోలుపనివానికి కఱవు రెండు విధములుగా వచ్చును: మొదట పశువులు చచ్చును, పిమ్మట చెప్పులు కుట్టించుకొను రైతు తానే కూలికి దిగును. బకింగ్‌హాము కాలువ త్రవ్వకము ప్రభుత్వమువారు కఱవుపనిగా సాగించుచుండిరి. మిన్నెసోటాలో గొలుసు పట్టిన చేయి యిప్పుడు పనికి వచ్చినది. దొరగారు సుమారు మూడున్నర మైళ్ళ కాలువను గుత్తకు దీసికొని, వేలకొలది జనమునకు పని గల్పించిరి. నూఱుమందికొక బోధకుని మేస్త్రీగా నియమించిరి. ఏ కులమువారైనను, ఏ మతమువారైనను పలుగు పట్టినవానికి కూలి దొరకినది. పగలు మన్ను మోసినవారు విరామవేళ బోధకునిచుట్టు కూర్చుండి మాటలు వినెడివారు.

చేరుదుమని వేలమంది యడుగసాగిరి. ఇప్పుడు దొరగారు చేసినపని మనము శ్రద్ధతో గమనింపదగినది. కఱవు సాయము సాగిన సుమారు పదునైదు నెలలు వారొక్కరికిని బాప్తిస్మ మీయలేదు. అన్నము పెట్టుచేత బాప్తిస్మమిచ్చిన, పుచ్చుకొన్నవాని మనస్సు వానికే తెలియకపోవును. ఈ సంశయమును శత్రువులు వేయకముందే దొరగారు తమమీద తామే వేసికొనిరి. పరులు ఊపునంతవఱకు వేచియుండక తన గుంజను తానే యూపి చూచుకొనువాడు అరుదు.

1878లో వానలు పడి, కఱవు సాయము నిలిపివేయబడినది. క్రైస్తవులను మాత్రమే కలిసికొనవలెనని దొరగారు ఒంగోలునకు ఉత్తరమున పది మైళ్ళలో గుండ్లకమ్మ యొడ్డుననున్న వెల్లంపల్లికి బోయిరి. క్రొత్తవారిని దేవద్దని బోధకులకు ముందే వర్తమానము పంపియుండిరి. ఐనను వేలమంది వచ్చి చుట్టుముట్టిరి. తమచేత ధనము లేదనియు, విత్తనములకును ఈయజాలమనియు, తిరిగి పొండనియు దొరగారు చెప్పిరి. తమకు సాయము వలదనిరి వారు. కాలువపనిలో చేతులు బొబ్బలెక్కినవి, అవియే మేము కష్టించి తిన్నవారమని సాక్ష్యము చెప్పునని యఱచేతులు చూపిరి. మరల పంట పోయినచో చత్తుము గాక, క్రైస్తవులమై చత్తుమనిరి.

ఈ యఱచేతులకు బదులేమి? ఇంతకు పూర్వము దొర పరీక్షకుడు, వచ్చినవారు పరీక్షింపబడువారు. వెల్లంపల్లిలో పాత్రలు తాఱుమాఱైనవి. లెక్కలు, జాగ్రత్తలు, స్వదేశమున రాబోవు విమర్శలు ఒకవైపున, బొబ్బలెక్కిన చేతులు వేఱొకవైపున నిలిచినవి. తాము నమ్మినదానిని వీరు నమ్మిరని దొర నమ్మవలసివచ్చినది. మనుష్యుని నమ్ముట దేవుని నమ్ముటకన్న నొక్కొక్కమాఱు కష్టము.

ఒప్పుకొనిరి. బోధకులు వచ్చినవారిని గ్రామములవారిగా కూర్చుండబెట్టి విచారించిరి. జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది, వెరసి మూడుదినములలో 3,536 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందిరి. 3వ తేదీన ఆఱుగురు దేశీయ బోధకులు ఇద్దఱిద్దఱుగా వంతులు మాఱుచు నీటిలో నిలిచిరి. దొరగారు ఒడ్డుననే యుండిరి. ఆ యేటిలో చేరినవారు 9,606 మంది. ఆ గుండ్లకమ్మ మన నల్లమలలో బుట్టి, కంభము చెఱువును నింపి, క్రిందికి బోయి సముద్రమున గలయునది. మన పొలములకు బాఱు నీరే వెల్లంపల్లి రేవునకు పోయినదని గిద్దలూరు సీమవారు జ్ఞాపకముంచుకొనవచ్చును.

ఆక్షేపణలు రాకపోలేదు. వీరు అన్నపు క్రైస్తవులని కొందఱనిరి. ఒక్కొక్క మనుష్యుని హృదయమును విడివిడిగా శోధింపక పాలెములకు పాలెములను జేర్చుట యెట్టి మార్పిడియని సాటి మిషనరీలే యడిగిరి. మొదటిదానికి పదునైదు నెలల నిరాకరణమే యుత్తరము. మన కాలపు సంగతియు నొకటి చెప్పుదును. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవుడనని వ్రాయించుకొన్న మాదిగ షెడ్యూల్డు కులపు హక్కులను గోల్పోవును. కావున నాటి కఱవులో కూటికై చేరిరనువారు, తరువాతి తరములలో కూడు పోవునని తెలిసియు నా పేరు విడువనివారినిగూర్చి యేమందురో తెలియదు. ఇరుమార్గముల నున్న మన సోదరులును ఈ సభకు సమానులే గనుక నింతకు మించి వ్రాయను.

రెండవ యాక్షేపణ దొరగారిని లోతుగా నాలోచింపజేసినది. పడమటిదేశములందు విశ్వాసము ఒక్కొక్కని సొంతవిషయము. మాదిగవాడు మాత్రము ఒంటరిగా నేదియు నిర్ణయింపడు. కులపెద్దలు కూర్చుండవలెను, బంధువులతో నాలోచింపవలెను, కుటుంబముతో నడువవలెను. మొదట నిది దౌర్బల్యముగా దోచిన దొరగారికి, క్రమముగా నిదియే బలమని తెలిసినది. చేరినవారిని గ్రామములనుండి దీసి మిషను ఆవరణములలో నుంచుటకు వారిష్టపడలేదు. తమ పాలెములోనే, తమ పనిలోనే, తమ పెద్దల క్రిందనే యుండి క్రైస్తవులు కావలెననిరి. మన కులకట్టునే సంఘపు కట్టుగా నంగీకరించిరి. వ్యక్తులతోబాటు సమాజము మాఱవలెనను భావము వారికి మాదిగపాలెములలో గలిగినది.

ఇందున్న లోపమును గూడ దాచరాదు. కులకట్టును కాపాడిన పద్ధతి కులపు గోడను గూడ కాపాడినది. ఒంగోలు బాప్తిస్టు సంఘమున హెచ్చుమంది మాదిగలు. గిద్దలూరు, నంద్యాల వైపున పనిచేసిన ఆంగ్లికను మిషనులో హెచ్చుమంది మాలలు. ఒక్క క్రీస్తును గొలుచు రెండు పాలెములు ఒకదాని నీరొకటి త్రాగక పెక్కేండ్లు గడపినవి. ఈ ప్రశ్నను దొరగారి యెదుట గట్టిగా నిలిపినవారు లేకపోయిరి. బ్రాహ్మణుల షరతువలె, వెల్లంపల్లి యఱచేతులవలె, ఇదియు నెవరైన నెదుట బెట్టియుండిన వారేమి చేసియుందురోయని యీ వ్యాసకర్త పలుమాఱులు తలపోసెను.

తక్కిన చరిత్రమును సంక్షేపముగా జెప్పెదను. ఒంగోలున ఉన్నతపాఠశాలయు, పిమ్మట కళాశాలయు వెలసినవి. చదువు నిషేధింపబడిన యిండ్లనుండి ఉపాధ్యాయులు బయలుదేఱిరి. 1890 డిసెంబరు 28వ తేదీన ఒంగోలున ఒక్కదినముననే 1,671 మంది బాప్తిస్మము పొందిరి. పడమట కంభము, మార్కాపురము ప్రత్యేక మిషను స్థానములైనవి. ఇవన్నియు నప్పుడు కర్నూలు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడిన పిదపనే మన తాలూకాలు ఒంగోలుతో గలిసినవి. పాలెములు మాత్రము నూఱేండ్ల ముందే కలిసియుండినవి.

హారియట్ గారు 1893లో మరణించిరి. మఱుసటియేట దొరగారు ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని వివాహమాడిరి. విదుషీమణియగు నీమె మాదిగ వృద్ధులయొద్ద కూర్చుండి వారి కథలు, గురుపరంపరలు, దేవతల చరిత్రములు విని వ్రాసికొనిరి. అవి 1899లో వైల్ సూయింగ్ సాండల్స్ అను పేర గ్రంథమైనవి. అనగా చెప్పులు కుట్టుచుండగా అని యర్థము. మన కులపు జ్ఞాపకములు పుస్తకరూపము దాల్చిన తొలి సందర్భములలో నదియొకటి గనుక యువకులు దానిని సంపాదించి చదువవలెను.

క్లౌ దొరగారు 1910 నవంబరు 24వ తేదీన న్యూయార్కు రాష్ట్రమందలి రోచెస్టరు పట్టణమున కాలధర్మము నొందిరి. తమ భావములు తెలుగుదేశమున నెట్లు మాఱినవో భార్యకు జెప్పి వ్రాయించిన గ్రంథము వారి మరణానంతరము 1914లో సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్ అను పేర వెలువడెను. అందు యెఱ్ఱగుంట్ల పేరయ్యగారి పేరును, తాళ్ళకొండపాటి చింతతోపును ఉన్నవి.